కొత్త సైలెన్సర్ బిగించే ముందు ఒక్క మాట

తమ్ముడూ, "డీబీ కిల్లర్ (సైలెన్సర్‌లో శబ్దం తగ్గించే ముక్క) ఉంది, ఈ-మార్క్ ఉంది, పోలీసులు ఏమీ అనరు" అని కోఠిలో షాపువాడు చెప్పాడన్నావు కదా, ఆ మాట నమ్మి డబ్బు కట్టకు. ఈ-మార్క్ యూరప్ అనుమతి. ఇక్కడ అదొక్కటే సరిపోదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. నీ 350 సీసీ బండికి కంపెనీ పరీక్షలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. శబ్దం హద్దు దాటితే 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుపై అనర్హత.

చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. పాత పైపులోకి టార్చి వేసి చూడు, కొన్ని బండ్లకు తేనెపట్టులాంటి జల్లెడ కనిపిస్తుంది. అదే క్యాటలిటిక్ కన్వర్టర్, పొగలోని విషవాయువులను తగ్గించేది. అది పీకేస్తే శబ్దం తక్కువున్నా తప్పే.

అంత మనసైతే నీ మోడల్‌కు కంపెనీయే అమ్మే పైపు అడుగు. అది మన రోడ్డు మీదికి ఆమోదం పొందినదేనని బిల్లుతోపాటు రాతలో తీసుకో. "రేసింగ్ కోసమే" అని రాసుంటే వదిలేయ్. ఇప్పటికే బిగించేసి ఉంటే, ఈ వారమే పాతది పెట్టించెయ్.