తెల్లవారేలోగా

అమ్మాయీ,

ఉత్తరం అందింది. కథ ఎప్పుడో అయిపోయిందనీ, చూపించడానికి ధైర్యం చాలక ఏడాదిగా దిద్దుతూనే ఉన్నాననీ రాశావు.

హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడేవాళ్లకు ఒక సామెత ఉంది: కురూపి కోడలైనా ఎప్పటికైనా మామగారికి ఎదురుపడాల్సిందే. పరీక్ష ఫలితాలు చూసుకోవాలన్నా, పాడైన పనిని పై అధికారి ముందు పెట్టాలన్నా ఆ మాట తలుచుకుంటారు. ఆడపిల్లను రూపంతో తూచడం నాకు మింగుడుపడదు. కానీ ఈ కోడలి కథ రాసేవాళ్లకు పనికొచ్చేలా 1,200 ఏళ్ల కిందటే ఒక చైనా కవి చెప్పాడు.

థాంగ్ వంశం ఏలుతున్న కాలం. రాజోద్యోగ పరీక్షకు ముందు తమ రచనలను పేరున్నవాళ్లకు పంపుకోవడం అప్పటి ఆనవాయితీ. జు చింగ్‌యూ అనే ఆయన, జల విభాగంలో అధికారిగా ఉన్న కవి జాంగ్ జీకి నాలుగు పాదాల పద్యం పంపాడు. అందులో ఒక కొత్త పెళ్లికూతురు. తెల్లవారితే అత్తమామలకు మొక్కాలి. అలంకరణ ముగించి భర్తను మెల్లగా అడుగుతుంది: కనుబొమలు ఇప్పటి తీరుకు తగ్గట్టు దిద్దుకున్నానా అని. పెళ్లికూతురంటే తనే, భర్త జాంగ్ జీ, అత్తమామలు పరీక్షాధికారులు; నా రచన వాళ్లకు నచ్చుతుందా అని అడగడమన్నమాట.

ఆ పిల్ల వరస చూడు. ముందు అలంకరణ పూర్తిచేసింది. ఆ తర్వాతే అడిగింది, అదీ ఒక్కరినే. పైగా ఆమెకు తెల్లవారబోతోంది. నీకు అలాంటి గడువు లేదు, అందుకే ఏడాది గడిచిపోయింది. దీపావళి కథల పోటీయో మరోటో చూసుకుని ఒక తేదీ పెట్టుకో. మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు ఒక్కరుంటే చాలు, నలుగురి చుట్టూ తిప్పకు.

జాంగ్ జీ కూడా పద్యంతోనే బదులిచ్చాడు. జు చింగ్‌యూది యువె ప్రాంతం కాబట్టి అతన్ని యువె పిల్లను చేశాడు. తన అందం తనకు తెలిసీ తటపటాయిస్తోంది, ఖరీదైన పట్టుదేముంది, ఆమె పాడే సింగాడకాయల పాట పదివేల బంగారు నాణేలకు సాటి అన్నాడు. 826లో జు చింగ్‌యూ ఆ పరీక్ష నెగ్గాడు.

ఆ జవాబు నీకూ వర్తిస్తుంది. మొదటి ప్రతిలోంచి నువ్వు ఎత్తి రాసిన రెండు వాక్యాల్లో మీ అమ్మమ్మ శ్రీకాకుళం మాట ఎంత నిండుగా ఉందో! దిద్దేటప్పుడు దాన్నే తీసేశానన్నావు. మళ్లీ పెట్టెయ్యి. ఈ నెలాఖరుకు కథ నాకు పంపు. బాగోకపోతే బాగోలేదనే రాస్తాను, ఎక్కడ బాగోలేదో కూడా రాస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ