మిర్చి తోటలో నీరు నిలిచింది... ఇంకా పెట్టుబడి పెట్టాలా?

ప్రశ్న: నర్సంపేట దగ్గర మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాను. అక్టోబరు చివర మొంథా తుపాను వానకు రెండు రోజులు నీరు నిలిచింది. మొక్కలు వడలిపోతున్నాయి. ఇప్పటికే ఎకరానికి 90 వేలు పెట్టాను. దుకాణంలో ఇంకా 12 వేల రూపాయల మందులు రాసిచ్చారు. ఏటా ఏదో ఒక విపత్తే. ఈ తోటను కాపాడుకోవాలా, వదిలేయాలా?
– ఒక కౌలు రైతు, వరంగల్ జిల్లా

జవాబు: ఆ మందులు ఇప్పుడే కొనకండి. వాన చేసిన నష్టం ఒకటైతే, ఆ తర్వాత కంగారులో పెట్టే ఖర్చు రెండోది. మీ చేతిలో ఉన్నది ఈ రెండోదే.

చేలో అయిదారు చోట్ల పదేసి మొక్కలు చూడండి. వడలిన మొక్కను పీకి వేరు గీకండి. తెల్లటి పిల్లవేర్లు కనిపిస్తే అది బతుకుతుంది. పైతోలు చేతికి ఊడివచ్చి, లోపల గోధుమ రంగు కనిపిస్తే దానికి ఏ మందూ పనిచేయదు. పల్లంలో సగానికి పైగా చచ్చి ఉంటే ఆ ముక్క వరకు దున్నేసి, నవంబరు 15 లోపు మొక్కజొన్న వేసుకోవడమే మేలు. మూడెకరాలకూ ఒకే నిర్ణయం తీసుకోవాల్సిన పని లేదు.

మిగిలిన తోటలో కాల్వలు తీసి నీటిని బయటికి పంపండి. బురదలో యూరియా చల్లితే వృథా; వేర్లకు గాలి అందనప్పుడు మొక్క దాన్ని తీసుకోలేదు. బదులుగా లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి, వారం తేడాతో రెండుసార్లు ఆకులపై పిచికారీ చేయండి. వేరుకుళ్లు రాకుండా లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగులు మందు) కలిపి మొక్కల మొదళ్లు తడిసేలా పోయండి. నేల అదునుకు రాగానే గుంటక తోలితే వేర్లకు గాలి తగులుతుంది.

‘ఏటా విపత్తే’ అన్నారు, నిజమే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే కురిస్తే ఇలా కుమ్మరిస్తోంది.

పరిహారం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కేంద్రం 2022-26 కాలానికి ఖరారు చేసిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోతేనే సాయం. నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరానికి ఏడు వేలకు కాస్త తక్కువ. మీ 90 వేల పక్కన అదెంత? కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లో బయటకు వచ్చింది; ఇప్పుడు మీ దగ్గర అమల్లో ఉందో లేదో కనుక్కోండి. అయినా ఆ కొద్దిపాటి సాయం వదులుకోవద్దు. తోట దున్నకముందే ఫొటోలు తీయండి, ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) పిలిచి నష్టం నమోదు చేయించండి. పంట నమోదులో మీ పేరే ఉందో లేదో చూసుకోండి. కౌలు రైతుకు చాలాసార్లు చిక్కు వచ్చేది అక్కడే.

వచ్చే ఏడు మిర్చిని ఎత్తు మడుల మీద, మెరక చెలకలోనే వేయండి. మొత్తం మూడెకరాలూ మిర్చికే ఇవ్వకండి. కౌలు మాట్లాడుకునేటప్పుడే, పంట పోతే కౌలు ఎంత తగ్గిస్తారో, పరిహారం పట్టాదారు ఖాతాలో పడితే మీకెంత ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.