కోర్సులో చేరకముందే టెక్నికల్ కెరీర్ నచ్చుతుందో లేదో తెలుసుకోవడం ఎలా?

కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్‌లో ఏది తీసుకోవాలో తేలడం లేదు, చేరకముందే రుచి చూసే దారి ఉందా అని అడిగారు. ఉంది. ఖర్చూ పెద్దగా ఉండదు.

కోడింగ్ అయితే హార్వర్డ్ వాళ్ల సీఎస్50 కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ రాసే స్క్రాచ్‌తో మొదలై సీ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల దాకా వెళ్తుంది. వీడియోలు చూసి ఊరుకోకండి, అందులోని ప్రాబ్లం సెట్లు, అంటే అభ్యాసాలు, చేయండి. ప్రోగ్రామ్ నడవక, తప్పు ఎక్కడుందో వెతుకుతూ గంట గడిచాక విసుగొచ్చి లేచిపోతున్నారా, లేక అన్నానికి పిలిచినా కదలడం లేదా? అది గమనించుకోండి. ఉద్యోగంలోనూ చాలా సమయం ఈ వెతుకులాటకే పోతుంది. సర్టిఫికెట్ వస్తే మంచిదే కానీ, ఈ దశలో దానికంత విలువ లేదు.

ఎలక్ట్రానిక్స్‌కి టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్ ఉంది. బ్రౌజర్‌లోనే ఆర్డుయినో అనే, ప్రోగ్రామ్ చేయగల చిన్న సర్క్యూట్ బోర్డుకు ఎల్‌ఈడీలు, సెన్సర్లు కలిపి నడిపి చూడొచ్చు. ఏదో కాలిపోతుందన్న టెన్షన్ లేదు. అక్కడే 3డీ మోడల్ గీస్తే మెకానికల్ డిజైన్ ఎలా ఉంటుందో కూడా కాస్త తెలుస్తుంది.

చేరాలనుకుంటున్న కోర్సు సిలబస్ మొత్తం చదవండి. పేరు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, మొదటి ఏడాది ఎక్కువగా గణితం, ఫిజిక్సే కనిపిస్తాయి.

ఆ రంగంలో పనిచేసేవాళ్లు దొరికితే "స్కోప్ ఎలా ఉంది?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగండి.