పుష్ చేయగానే టెస్టులు నడవాలంటే?

ప్రశ్న: హన్మకొండలో నలుగురం కలిసి నడుపుతున్న చిన్న ఆఫీసు మాది. ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుల కోసం తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీల) సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. కోడ్ ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లలో, వాట్సాప్‌లో తిరుగుతోంది. కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే టెస్టులు రాశాం గానీ పని ఒత్తిడిలో ఎవరూ నడపడం లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని గిట్ (కోడ్‌లో జరిగే మార్పులను దాచి ఉంచే సాధనం) సర్వర్‌గా పెట్టి, కోడ్ పంపగానే టెస్టులు నడిచేలా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: తప్పకుండా చేయొచ్చు. నలుగురికి ఆ కంప్యూటర్ సరిపోతుంది. గిట్‌కు వేరే సర్వర్ ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు, మరో కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ఉంటే చాలు. డెబియన్ (లినక్స్) వేసి, ‘గిట్’ పేరుతో ఒక యూజర్‌ను పెట్టి, మీ నలుగురి పబ్లిక్ కీలు (పాస్‌వర్డ్ బదులు గుర్తింపుగా పనిచేసే ఫైళ్లు) అందులో చేర్చండి. కోడ్, దాని చరిత్ర ఉండే రిపాజిటరీని ‘బేర్’ ఆప్షన్‌తోనే (పని చేసే ఫైళ్లు లేకుండా) తయారు చేయండి. మామూలు రిపాజిటరీ అయితే, అందులో తెరిచి ఉన్న బ్రాంచ్‌కు (కోడ్ శాఖకు) పుష్ చేస్తే, అంటే కోడ్ పంపితే, గిట్ ఒప్పుకోదు. వెబ్ స్క్రీన్ కావాలనిపిస్తే తర్వాత గిటీ వేసుకోవచ్చు, అది తేలిక. అలాంటిదే అయిన గిట్‌ల్యాబ్ మాత్రం ఆ మెషీన్‌కు బరువు.

ఇక టెస్టుల సంగతి. రిపాజిటరీలో ‘హుక్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. పుష్ లాంటివి జరిగినప్పుడు గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్టుల చోటు అది. అందులో ‘ప్రీ-రిసీవ్’ పేరుతో స్క్రిప్ట్ పెడితే, టెస్టు ఫెయిలైనప్పుడు పుష్‌నే తిప్పికొట్టొచ్చు. వినడానికి బాగుంటుంది గానీ నేను వద్దనే అంటాను. పుష్ చేసిన ప్రతిసారీ పది నిమిషాలు ఆగాల్సి వస్తే మీవాళ్లు మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుంటారు. పుష్ అందాక నడిచే ‘పోస్ట్-రిసీవ్’ వాడండి. అయితే అదీ స్క్రిప్ట్ ముగిసేదాకా పుష్ చేసినవాళ్లను ఆపుతుంది. కాబట్టి అది కమిట్ (దాచిన ఒక్కో మార్పు) నంబర్‌ను ఒక క్యూలో రాసి వెంటనే తప్పుకోవాలి. టెస్టులను ఒకటొకటిగా నడిపే పని వేరే స్క్రిప్ట్‌ది. హుక్‌కు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మరవకండి, ఇవ్వకపోతే అది అసలు నడవదు. హుక్‌లోంచే వేరే ఫోల్డర్‌కు వెళ్లి గిట్ కమాండ్ ఇస్తే మాత్రం ముందు ‘గిట్ డైర్’ (గిట్ ఏ రిపాజిటరీని చూడాలో చెప్పే GIT_DIR) వేరియబుల్‌ను తీసేయండి. లేకపోతే గిట్ ఆ ఫోల్డర్‌ను పట్టించుకోదు. దీనివల్ల నాకొక రాత్రంతా నిద్ర లేదు.

ప్రతిసారీ ఖాళీ ఫోల్డర్‌లో కొత్తగా క్లోన్ (రిపాజిటరీ నకలు) చేసి, వేరే డేటాబేస్‌తోనే టెస్టులు నడపండి. ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోందే’ అనే మాటకు కారణం చాలాసార్లు కమిట్ చేయడం మరిచిన ఫైలే. ఖాళీ ఫోల్డర్ దాన్ని ఇట్టే పట్టిస్తుంది.

గడియారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాజీపేటలో నేను పనిచేసిన ఆఫీసులో ఒక టెస్టు పగలు పాసయ్యేది, రాత్రి 2 గంటలకు నడిపితే ఫెయిలయ్యేది. వారం రోజులు వెతికాం. తీరా చూస్తే సర్వర్ యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. మనకు రాత్రి 2 అంటే దానికి ఇంకా ముందు రోజు రాత్రి 8.30. రసీదు మీద మన తేదీ పడుతోంది, ‘ఈ రోజు రసీదులు’ వెతికే క్వెరీ మాత్రం సర్వర్ తేదీ తీసుకుంటోంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5.30 దాకా రెండూ కలవవు. సర్వర్ టైమ్ మార్చేద్దామని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే టెస్టు పాసవుతుంది, తప్పు కోడ్‌లోనే ఉండిపోతుంది. మీది తక్‌పట్టీ. అందులో తేదీ తప్పు పడితే డబ్బు కోసం తిరగాల్సింది రైతు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఫలితం నలుగురికీ వెళ్లాలి, ఏ కమిట్‌తో టెస్టు ఫెయిలైందో అందులో ఉండాలి. ఆ కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టండి. రోజూ రాత్రి రిపాజిటరీని బయటి డిస్క్‌లోకి ‘మిర్రర్’ క్లోన్‌గా (అన్ని బ్రాంచ్‌లతో సహా పూర్తి నకలుగా) తీయండి. నెలకోసారి ఆ డిస్క్ నుంచి తిరిగి తెచ్చుకుని చూడండి.

మొదట ఒక్క టెస్టుతోనే మొదలుపెట్టండి: 12 క్వింటాళ్ల 40 కిలోలు, క్వింటాల్ ధర 7,200, మొత్తం 89,280 రూపాయలు రావాలి. తర్వాత లెక్కను కావాలనే చెడగొట్టి పుష్ చేయండి. నలుగురి ఫోన్లకూ ‘ఫెయిల్’ అని మెసేజ్ వచ్చాకే మిగతా టెస్టులు చేర్చండి.