మీ ఇల్లు – మీ ప్రశ్న: స్నానాల గదిలో నిలిచిపోయే నీళ్లు

ప్రశ్న: మాది 12 ఏళ్ల కిందట కట్టుకున్న సొంత ఇల్లు. ఆరుగురం ఉంటాం, అందులో నలుగురం ఆడవాళ్లం, అందరిదీ పొడవాటి జుట్టే. నాలుగైదు నెలలుగా స్నానం చేస్తుంటే నీళ్లు పోకుండా చీలమండల దాకా నిలుస్తున్నాయి. బాత్రూం యాసిడ్ పోశాం, సలసల కాగిన నీళ్లు పోశాం. రెండు రోజులు బాగానే పోయి మళ్లీ మొదటికే వస్తోంది. మా అత్తగారు వెదురు బద్దతో పొడిస్తే ఒకసారి దారి ఇచ్చింది కానీ ఇప్పుడు అదీ పనిచేయడం లేదు. టైల్స్ పగలగొట్టి పైపు మార్చాలని ప్లంబరు అంటున్నారు. వేరే మార్గం లేదా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: టైల్స్ పగలగొట్టవద్దని ముందుగా చెబుతున్నాను. గచ్చు వాలు సరిగా లేకపోయినా, పైపు సన్నదైనా ఇల్లు కట్టిన మొదటి నెలలోనే నీళ్లు నిలిచేవి. 12 ఏళ్లు సాఫీగా పోయిన నీళ్లు ఇప్పుడు ఆగుతున్నాయంటే దారిలో ఏదో పేరుకుందని అర్థం. పేరుకున్నది చాలావరకు జాలీకి మూరెడు లోపలే ఉంటుంది.

అదేమిటో తెలిస్తే మీరు చేసినవి ఎందుకు నిలవలేదో కూడా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. ఒంటరి వెంట్రుక నీటితో పాటు కొట్టుకుపోతుంది గానీ, పొడవాటి వెంట్రుకలు ఒకదానికొకటి చుట్టుకొని జాలీ అంచుకో, ట్రాప్ (జాలీ కింద నీళ్లు నిలిచే భాగం) మలుపుకో పట్టుకుంటే అక్కడ వలలాంటిది తయారవుతుంది. తలంటిన రోజున కొబ్బరినూనె జిడ్డు, సున్నిపిండి, కుంకుడుకాయ పిప్పి ఆ వలలో చిక్కుకుంటాయి. దీనికి బోరు నీళ్లు తోడవుతాయి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసినప్పుడు నురగకు బదులు తెల్లని తెట్టు ఏర్పడుతుంది కదా, బకెట్టు అంచున గీతలా కట్టేది అదే. లోపల వెంట్రుకలను బంకలా అతికించేదీ అదే.

యాసిడ్ ఆ తెట్టును కొంత కరిగిస్తుంది కాబట్టి రెండు రోజులు నీళ్లు పోయినట్టు అనిపిస్తుంది. వెంట్రుకను మాత్రం అది కరిగించలేదు, వల అక్కడే ఉండి మళ్లీ నిండుతుంది. పైగా టైల్స్ మధ్య ఉన్న సిమెంటును యాసిడ్ తినేస్తుంది. నెలనెలా పోసే ఇళ్లలో కింది గది పైకప్పుకు చెమ్మ దిగడానికి అదొక కారణం. ఇక మరిగే నీళ్ల సంగతి. ఇళ్లలో వేసే పీవీసీ పైపులు 60 డిగ్రీలు దాటిన వేడికి తగినవి కావు, వాటి అతుకులు వదులవుతాయి. ఆ వేడికి కరిగిన నూనె కొంత దూరం జారి, చల్లని పైపులో మళ్లీ గడ్డకడుతుంది. వెదురు బద్ద చేసేదీ ఇదే: చేతికి అందే చోట ఉన్న ముద్దను అందని చోటికి తోస్తుంది. ఈ ముద్దను లోపలికి తోయకూడదు, పైకి లాగాలి. మీరు గుర్తుంచుకోవలసినది ఇదొక్కటే.

ఇటీవల యాసిడ్ పోసి ఉంటే ముందు నాలుగైదు బకెట్ల చల్లని నీళ్లు వదిలి, ఒక రోజు ఆగండి. తరువాత చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని జాలీని స్క్రూడ్రైవరుతో పైకెత్తండి. కొన్ని ఇళ్లలో దాన్ని తెల్ల సిమెంటుతో అతికించేస్తారు, అలాంటప్పుడు అంచు చుట్టూ పాత చాకుతో మెల్లగా గీస్తే వదులుతుంది. జాలీ కింద గిన్నె బోర్లించినట్టు ఒక మూత ఉంటే దాన్నీ తీసి పక్కన పెట్టండి. టార్చి వెలుగులో చూస్తే లోపల నల్లటి ముద్ద కనిపిస్తుంది. దాన్ని పట్టడానికి పాత సైకిలు చువ్వ చక్కగా పనికివస్తుంది, ఎందుకంటే దాని ఒక కొస ముందే వంగి ఉంటుంది. ఆ కొసను ముద్ద పక్కనుంచి దించి, ఒక చుట్టు తిప్పి, తొందరపడకుండా పైకి లాగాలి. గట్టిగా గుంజితే ముద్ద సగానికి తెగి మిగతాది లోపల ఉండిపోతుంది.

మా ఇంట్లో మొదటిసారి ఈ పని చేసినప్పుడు బయటకు వచ్చినదాన్ని పాత పేపరు మీద పరిచి చూశాను. జానెడు పొడవున, నానిన కొబ్బరి పీచులా బూడిద రంగులో ఉంది. విప్పి చూస్తే నాలుగు బొట్టుబిళ్లలు, ఒక జడపిన్ను, షాంపూ ప్యాకెట్టు చింపిన మూలలు అందులో ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ మూలే మొదట మలుపులో అడ్డం పడి ఉంటుందని, తక్కినదంతా దాని చుట్టూ పేరుకుందని నాకు అనిపించింది. ఆ రోజు నుంచి షాంపూ ప్యాకెట్టును స్నానాల గది బయటే చింపడం మా ఇంట్లో అలవాటయింది.

ముద్ద తీసిన తరువాత కూడా నీళ్లు నెమ్మదిగానే పోతుంటే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రబ్బరు ప్లంజరు వాడండి. దాని గిన్నె మునిగేలా నీళ్లు నిలిపి, వాష్‌బేసిన్ పైపు అదే ట్రాప్‌లో కలుస్తుంటే ఆ రంధ్రాన్ని తడి గుడ్డతో బిగించి, పది పదిహేను సార్లు నొక్కి లాగాలి. బేసిన్ దారి మూయకపోతే గాలంతా అటు పోయి శ్రమ వృథా అవుతుంది. దానికీ లొంగకపోతే అడ్డు పైపులో ఉన్నట్టు లెక్క. ప్లంబరును పిలిచి పొడవాటి స్ప్రింగు తీగతో తీయించండి, అంతే తప్ప పగలగొట్టడానికి ఒప్పుకోకండి.

వంటసోడా, వెనిగరు కలిపి పోయమని చాలామంది చెబుతారు. ఆ పొంగు చూడడానికి బాగుంటుంది కానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకోవడం వల్ల వెంట్రుకల ముద్దపై దాని ప్రభావం ఏమంత ఉండదు. కాస్టిక్ సోడా ఉన్న పొడులు వెంట్రుకను నిజంగానే కరిగిస్తాయి, అయితే అవి చర్మాన్నీ కంటినీ కూడా వదలవు. తప్పనిసరై వాడితే ప్యాకెట్టు మీది కొలతను పాటించండి, కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ తరువాత ప్లంజరు మాత్రం వాడకండి, ఎందుకంటే ఆ నీళ్లు ముఖానికి చిందుతాయి. కాస్టిక్ పోసిన చోట యాసిడ్ పోయకూడదు. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడరు చల్లకూడదు. ఈ రెండోది కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపు మూసి ఉన్న చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాట ఇంట్లో శుభ్రం చేసేవారికి కూడా తప్పకుండా చెప్పండి.

మళ్లీ ఈ బాధ రాకుండా ఉండాలంటే తలస్నానానికి ముందు జుట్టును పొడిగా ఉండగానే దువ్వి, రాలినదాన్ని చుట్టి చెత్తబుట్టలో వేయండి. జాలీ మీద సన్నని రంధ్రాల స్టీలు వడపోత ఒకటి పెట్టి, స్నానం కాగానే చేరిన వెంట్రుకలను తీసేయండి. కుంకుడు రసాన్ని గుడ్డలో వడకట్టుకొని వాడండి. జాలీని మళ్లీ సిమెంటుతో అతికించకండి. నెలకొకసారి ఎత్తి చువ్వతో శుభ్రం చేసి, చేతికి తాళే గోరువెచ్చని నీళ్లు ఒక బకెట్టు పోస్తే చాలు.

ప్రశ్న: జాలీ కింది గిన్నె మూతలో చెత్త ఇరుక్కుంటోందని తీసేశాం. ఇప్పుడు నీళ్లు బాగా పోతున్నాయి కానీ దుర్వాసన, బొద్దింకలు మొదలయ్యాయి.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ మూతను ఈరోజే తిరిగి పెట్టండి. మీ ట్రాప్‌లో నీటిని నిలిపి, మురుగు వాయువు గదిలోకి రాకుండా అడ్డుకునేది అదే. ట్రాప్‌లో సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు నిలవాలి. వాడని స్నానాల గదిలో ఆ నీళ్లు ఆవిరైపోయినా ఇదే వాసన వస్తుంది కనుక, వారానికొకసారి రెండు చెంబుల నీళ్లు పోస్తూ ఉండండి.

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్టుమెంటు కింది అంతస్తు. పైవాళ్లు నీళ్లు వదిలితే మా తూములోంచి మురుగు పైకి వస్తోంది. మేము ట్రాప్ శుభ్రం చేసినా ఫలితం లేదు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇందులో మీ ట్రాప్ దోషం లేదు. పైవాళ్ల నీళ్లు మీ తూములోంచి పొంగుతున్నాయంటే అడ్డు అందరి నీళ్లూ కలిసే పైపులో ఉంది. ఆవరణలోని ఛాంబరు మూత ఎత్తించి చూడండి: అది ఖాళీగా ఉంటే అడ్డు భవనానికీ ఛాంబరుకూ మధ్య ఉన్నట్టు, నిండుగా ఉంటే ఛాంబరు దాటిన తరువాత ఉన్నట్టు. భవనం లోపలి పైపయితే ఖర్చు సంఘమంతా పంచుకోవాలి. వీధి మురుగు లైను అయితే జలమండలి 155313 నంబరుకు ఫిర్యాదు చేయండి. ఛాంబరులోకైనా, సెప్టిక్ ట్యాంకులోకైనా మనిషిని దించడానికి మాత్రం సంఘం ఎంత తొందరపెట్టినా అంగీకరించకండి. రక్షణ సామగ్రి లేకుండా అలా దించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణిస్తోంది. లోపలి విషవాయువులకు దిగినవారు క్షణాల్లో స్పృహ తప్పుతారు. యంత్రం వచ్చేదాకా పైఅంతస్తులవారిని నీటి వాడకం తగ్గించమని అడగండి.