కయాక్‌లు మోసే చిన్న ట్రెయిలర్ లాగడం ఎలా నేర్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: విజయవాడ భవానీపురం దగ్గర ఉంటారు, 4 సింగిల్ కయాక్‌లున్నాయి (ఒక్కరు కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవలు), బొలెరో ఉంది, కారు బాగానే నడుపుతారు కానీ వెనక ట్రెయిలర్ ఎప్పుడూ లాగలేదు, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి అని.

ముందుగా ఒక్క మాటండి. ట్రాక్టర్ ట్రక్కు మీద మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు పోయేవాళ్లను చూసి ఇదీ అంతేలే అనుకోకండి. ఆ ట్రక్కు బరువైనది, ఎత్తుగా కనబడుతుంది, మెల్లగా కదులుతుంది. కయాక్ ట్రెయిలర్‌కు బరువు తక్కువ, పొడుగు ఎక్కువ. లాగుతున్నట్టే ఉండదు, అద్దాల్లో కనబడదు, రివర్సులో చటుక్కున మడతపడుతుంది. ఇందులో వచ్చే ఇబ్బందులన్నీ ఆ తేలికదనం వల్లా, ఆ పొడుగు వల్లా వచ్చేవే. 2 కయాక్‌లే అయితే నేను కారు పైకప్పు క్యారియరే చాలంటాను. 3 దాటితేనే ట్రెయిలర్ దండగ కాదు.

వెల్డింగ్ చేయించే ముందు రవాణా శాఖ ఆఫీసుకు ఒకసారి వెళ్లిరండి. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. కాబట్టి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ సంగతి ముందే తేల్చుకోవాలి. కారు మాన్యువల్‌లో ట్రెయిలర్ లాగడం గురించి ఏం రాశారో చదవండి, హిచ్ (కారు వెనక ట్రెయిలర్ తగిలించే ఇనుప అమరిక) పెట్టిస్తున్నట్టు ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. బండి ఆగిపోతే లాగడానికి కంపెనీ ఇచ్చే కొక్కెం ఈ పనికి రాదు. హిచ్ బంపర్‌కు కాదు, ఛాసిస్‌కు బోల్టులతో బిగించాలి.

ఆటోనగర్‌లో చేయిస్తే మూడు విషయాలు పట్టుబట్టండి. మొదటిది చక్రాలు. 8 అంగుళాల బుల్లి చక్రాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ మన గుంతల్లో దిగబడతాయి, ఎక్కువ చుట్లు తిరగాలి కాబట్టి బేరింగులూ త్వరగా పోతాయి. పాత ఆల్టోకు వచ్చే 145/80 ఆర్12 సైజు అయితే ఏ ఊళ్లోనైనా టైరు దొరుకుతుంది, స్టెప్నీ కూడా కట్టుకోవచ్చు. రెండోది కమాన్ పట్టీలు. సరుకు బండి పట్టీలు అలాగే వేస్తే ఇంత తక్కువ బరువుకు అవి వంగనే వంగవు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ట్రెయిలర్ ఎగురుతుంది. పట్టీలు తగ్గించమనండి. గాలి కూడా కారుకు కొట్టినట్టు 30 కాకుండా 20–22 చాలు. మూడోది డ్రాబార్, అంటే ట్రెయిలర్‌ను కారుకు కలిపే ముందు కడ్డీ పొడుగు. బాల్ (హిచ్ మీద ఉండే ఇనుప గుండు) నుంచి ఇరుసు దాకా 3 మీటర్లు ఉండేలా చూడండి. పొట్టిది చౌక, కానీ రివర్సులో ప్రాణం తీస్తుంది.

ఇక బరువు లెక్క. ట్రెయిలర్ 140 కిలోలు, ఒక్కోటి 25 కిలోల చొప్పున 4 కయాక్‌లు 100, తెడ్లూ లైఫ్ జాకెట్లూ ఓ 20. మొత్తం 260. ఇందులో పదో వంతు, అంటే సుమారు 26 కిలోలు, కారు బాల్ మీద పడాలి. ఇది చూడ్డానికి ఇంట్లో మనుషులు తూగే మిషనే చాలు: దాని మీద చెక్కదిమ్మె నిలబెట్టి, కప్లర్‌ను (డ్రాబార్ చివర బాల్ మీద కూర్చునే టోపీలాంటి భాగం) బాల్ ఉండే ఎత్తులోనే దిమ్మె మీద ఆనించి అంకె చూడండి. 15 చూపిస్తే కయాక్‌లన్నిటినీ 30 సెంటీమీటర్లు ముందుకు జరపండి. 100 కిలోలు 30 సెంటీమీటర్లు జరిగితే, 3 మీటర్ల డ్రాబార్ మీద 10 కిలోలు పెరుగుతుంది. ఇదంతా చాదస్తం అనిపిస్తుందేమో గానీ, హైవే మీద తోక ఊగడానికి అసలు కారణం వెనక బరువే. తెడ్ల సంచీ, కూలింగ్ బాక్సూ వెనక చివర కట్టేవాళ్లు ఈ లెక్కను చేతులారా చెడగొట్టుకుంటారు. తెడ్ల సంచీని ఇరుసుకు ముందువైపు కట్టండి, కూలింగ్ బాక్సు కారులోనే పెట్టుకోండి. బాల్ ఎత్తు కూడా చూసుకోవాలి: ట్రెయిలర్ సమంగానో, ముక్కు కాస్త కిందికో ఉండాలి, పైకి ఎత్తుకుని ఉండకూడదు.

ముందుకు జరపమన్నాను కదా అని మరీ జరిపితే ఇంకో చిక్కు. మలుపులో కారు వెనక మూల కయాక్ ముక్కును గుద్దుతుంది. కారు సగం వెడల్పు 85 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, కయాక్ ముక్కుకూ బాల్‌కూ మధ్య మీటరు ఖాళీ ఉంచండి. డిక్కీ తలుపు తెరుచుకుంటుందా అన్నదీ అప్పుడే చూసుకోవాలి.

తగిలించేటప్పుడు: కప్లర్ మీద 50 అని ఉంటే బాల్ కూడా 50 మిల్లీమీటర్లదే ఉండాలి. కాస్త చిన్నది పెట్టినా పట్టినట్టే ఉంటుంది, గుంతలో ఎగిరి ఊడిపోతుంది. కప్లర్ దింపి, లాక్ వేసి, పిన్ను పెట్టాక డ్రాబార్‌ను ముందు చక్రం జాకీతో పైకి ఎత్తండి. కారు వెనక భాగం కూడా లేస్తే పట్టినట్టు. కప్లర్ ఒక్కటే లేస్తే, అది బాల్‌ను పట్టకుండా పైన కూర్చుని ఉన్నట్టు. గొలుసులు రెండూ డ్రాబార్ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి పోయేలా తగిలించాలి. కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది. గొలుసుకు మలుపు తిరిగేంత వదులుంటే చాలు, నేలకు తగలకూడదు.

లైట్ల విషయంలో ఎక్కువసార్లు తప్పు ఎర్త్ దగ్గరే. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మినుకుమంటోందంటే బల్బు మార్చడం కాదు, ఎర్త్ వైరు చూడండి. బాల్ ద్వారా ఎర్త్ వస్తుందిలే అని వదిలేసే ఎలక్ట్రీషియన్లున్నారు. గ్రీజూ తుప్పూ ఉన్నచోట అది నిలవదు, విడిగా వైరు లాగించండి.

రోడ్డెక్కే ముందు నేర్చుకోవడానికి ఊరి బయట ఇళ్లు కట్టని ఖాళీ వెంచర్ ఒకటి చూసుకోండి, తెల్లవారుజామున. ఖాళీ ట్రెయిలర్ కారు వెనక దాక్కుంటుంది కాబట్టి దాని వెనక మూలల్లో ఒకటిన్నర మీటరు పీవీసీ పైపులు రెండు నిలబెట్టి ఎర్రగుడ్డ కట్టండి. అవి లేకుండా రివర్సు నేర్చుకోవడం కళ్లకు గంతలు కట్టుకున్నట్టే.

స్టీరింగ్ కింది భాగాన్ని, గడియారంలో 6 ఉండేచోట, ఒక చేత్తో పట్టుకోండి. ట్రెయిలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటే జరపండి. చెయ్యి ఎడమకు జరిపితే ట్రెయిలర్ ఎడమకే పోతుంది. "కుడి అద్దంలో ట్రెయిలర్ పెద్దదైతే కుడికి తిప్పు" అని ఇంకో సూత్రం చెబుతారు, అదీ నిజమే. కానీ రెండూ కలిపితే బుర్ర తిరుగుతుంది. ఒక్కటే పట్టుకోండి. మొదటి రోజు 20 మీటర్లు నేరుగా వెనక్కి, అంతే. పావు చుట్టు కాదు, రెండు వేళ్ల జరుపు చాలు. జరిపాక అది పనిచేసేదాకా ఒక క్షణం ఆగాలి. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇక్కడే: స్పందన కనబడలేదని ఇంకా తిప్పుతారు, అప్పటికి మొదటి తిప్పుడు అందుకుంటుంది, రెండూ కలిసి మడతపడుతుంది. డ్రాబార్‌కూ కారుకూ మధ్య కోణం 45 డిగ్రీలు దాటుతోందంటే సరిచేయాలని చూడకండి. ఆపి, 5 మీటర్లు ముందుకు లాగి నేరుగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. అనుభవం ఉన్నవాళ్లూ అదే చేస్తారు. నేరుగా వచ్చాక, 3 మీటర్ల ఎడంతో ఇటుకలు పేర్చి ఆ సందులోకి మలపడం నేర్చుకోండి, ముందు కుడివైపుకు. మన స్టీరింగ్ కుడివైపు కాబట్టి కిటికీలోంచి ట్రెయిలర్ కనబడుతుంది. ఎడమ తర్వాత.

ముందుకు వెళ్లేటప్పుడు మలుపులో ట్రెయిలర్ చక్రం కారు చక్రం కన్నా లోపలికి కోస్తుంది. గట్టి మలుపులో ఇంచుమించు మీటరు. అదే సమయంలో కయాక్‌ల తోక బయటికి ఊగుతుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడగానే పక్కన దూరే బైకులకు ఈ రెండో సంగతి తెలియదు. అందుకే తోకకు ఎర్రగుడ్డ, రాత్రిపూట ఎర్ర దీపం. కాజా టోల్ దగ్గర సిబ్బందికి వెనక ట్రెయిలర్ ఉందని చెయ్యి ఊపి చెప్పండి.

మొదటి నెల 60 దాటకండి. ట్రెయిలర్‌కు బ్రేకు లేదు కాబట్టి ముందు బండికి రెట్టింపు ఎడం వదలండి. బస్సో లారీయో దాటినప్పుడు గాలికి తోక ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకండి, స్టీరింగ్‌తో ఎదురు తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ నేరుగా పట్టుకోండి, అదే సర్దుకుంటుంది. సర్దుకున్నాక పక్కన ఆపి బరువు ఎక్కడ జరిగిందో చూడండి. మొదటి 20 కిలోమీటర్ల తర్వాత ఎలాగూ ఆపాలి: చక్రం హబ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే బేరింగ్ మరీ బిగించారు లేదా గ్రీజు లేదు.

కట్టడం గురించి మన ఎండకు ప్రత్యేకంగా చెప్పాలి. లారీలకు వాడే రాట్చెట్ బెల్టులు (మీట ఆడించి బిగించేవి) వద్దు. మేలో ప్లాస్టిక్ కయాక్ మెత్తబడుతుంది, రాట్చెట్ నొక్కితే అడుగు సొట్టపడుతుంది. 25 మిల్లీమీటర్ల పాలియెస్టర్ బెల్టు, చేత్తో లాగి బిగించే బకిల్ చాలు, కూర్చునేచోటుకు ముందొకటి వెనకొకటి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. బెల్టుకు ఒక మెలిక వేస్తే గాలికి గుంయ్‌మనదు. 5 కిలోమీటర్లకు ఆగి మళ్లీ బిగించండి, ఎండలో నిలిపితే వదులు చేయండి. కయాక్‌ను బోర్లా వేయండి. వెల్లకిలా వేసిన కాక్‌పిట్ కయాక్‌లో (కూర్చోడానికి గుంత ఉన్నది) వాననీళ్లు చేరితే లీటరుకో కిలో చొప్పున బరువు కలిసినట్టే, మీ లెక్కంతా పోయింది.

నది దగ్గర ట్రెయిలర్‌ను నీళ్లలోకి దింపే పని లేదు. ఘాట్లకు మెట్లే ఉంటాయి, కయాక్‌ను ఇద్దరు మోయగలరు. పైగా దారిలో వేడెక్కిన హబ్ చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీలు సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది, బేరింగ్ తుప్పు పడుతుంది. సమతలం మీద ఆపండి. ఊడదీసే ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మెలు పెట్టండి. హ్యాండ్‌బ్రేకు కారునే ఆపుతుంది, ట్రెయిలర్‌ను కాదు. ఉండవల్లి నుంచి అమరావతి వైపు కరకట్ట మీద పోతే వెనక్కి మళ్లే చోటు ముందే చూసుకోండి. దొరక్కపోతే రివర్సుతో కుస్తీ పట్టకుండా ట్రెయిలర్ విప్పి ఇద్దరు చేత్తో తిప్పేయండి. ముక్కు మీద ఉన్నది 26 కిలోలే కదా.

వరద రోజుల్లో కయాక్‌లను ఒడ్డునే కట్టేసి రాకండి. 2024 సెప్టెంబరులో కొట్టుకొచ్చిన బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను (గేట్లకు సమతూకంగా ఉండే బరువులు) ఢీకొట్టాయి. ట్రెయిలర్ ఉన్నందుకు ఎక్కించుకుని ఇంటికి తెచ్చేయండి. ఇంటి దగ్గర ఎండ తగలనిచోట, టైర్ల మీద భారం లేకుండా ఇరుసు కింద ఇటుకలు పేర్చి ఉంచండి.