ఆపరేషన్ తేదీ ఇప్పుడే ఇవ్వకు

మైలాపూరు,
శుక్రవారం

చిట్టీ,

ఆదివారం నువ్వు ఫోన్లో నడుం నొప్పికి ఆపరేషన్ చేయించుకోమన్నారని ఏడుస్తుంటే నాకు సరైన మాట ఒక్కటీ రాలేదు. ఒక పక్క కుక్కరు కూతలు, ఇంకో పక్క మీ పెదనాన్న టీవీ. అందుకే ఉత్తరం. సగం కూర్చుని, సగం వంటింటి గట్టు దగ్గర నిలబడి రాస్తున్నాను. అరగంట దాటి ఒకే తీరున కూర్చోకూడదని నాకు నేను పెట్టుకున్న రూలు. అక్షరాలు వంకరపోయిన చోట నిలబడి రాశాననుకో.

ఫోన్లో అడగడం మర్చిపోయిన సంగతి ముందు అడుగుతాను. ఒకటికీ రెండుకీ పట్టు తప్పుతోందా? సైకిలు సీటు ఆనే చోట మొద్దుబారిందా? మడమల మీద నాలుగడుగులు వేయగలుగుతున్నావా? కాలిలో బలం రోజురోజుకీ తగ్గుతోందా? వీటిలో ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా ఈ ఉత్తరం పక్కన పడేసి ఎమర్జెన్సీకి వెళ్ళు, అర్ధరాత్రి రెండైనా సరే. అప్పుడు ఆపరేషన్ మాట నేనే ముందు అంటాను. జ్వరం, ఊరికే బరువు తగ్గిపోవడం, పడుకున్నా వదలని నొప్పి ఉన్నా ఆలస్యం చేయకూడదు. వెన్నుకు టీబీ రావడం మన దేశంలో కొత్తేం కాదు. ఇంకొకటి. పొద్దున లేవగానే అరగంట పైన కర్రలా బిగుసుకుపోయి, తిరుగుతున్నకొద్దీ సర్దుకుంటోందా? అలాగైతే అది వేరే రకం జబ్బు కావచ్చు, రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం డాక్టరు, చూడాలి.

నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇవేవీ లేవనే అనుకుంటున్నాను. ఉన్నది రెండేళ్ళ నొప్పి, అప్పుడప్పుడు ఎడమ పిక్క దాకా లాగడం, ఐదు నిమిషాలు చూసి పంపేసిన డాక్టరు, బయటికి రాగానే "వచ్చే నెల తేదీ రాసుకోమంటారా మేడం" అన్న అమ్మాయి. రాయించకు. ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్తాను.

నాకు మొదలైంది 1999లో, సంక్రాంతి నాలుగు రోజులుందనగా. అప్పట్లో మా ఇంట్లో పెద్ద గ్రైండరు ఉండేది. ఇడ్లీ పిండి తీయడానికి రాయి బయటికి ఎత్తాలి. పిండి అంటి జారుతోందని పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకు ఆనించుకుని, అలాగే వంగి ఎడమ వైపు తిరిగాను. లోపల ఎవరో తడి తువ్వాలు పిండినట్టయింది. రాయి కింద పెట్టలేను, పట్టుకుని నిలబడలేను. మా అత్తగారు వచ్చేదాకా ఆ రాయిని వాటేసుకుని మోకాళ్ళ మీదే ఉన్నాను. చీరంతా పిండి. ఆవిడ ముందు రాయి అందుకుని, తర్వాత నన్ను అందుకుంది. రాయి పగిలితే ఖర్చు మరి.

ఆ తర్వాత మూడు వారాలు చెక్క బల్ల మీద పడుకోబెట్టారు. ఒక నర్సింగ్ హోంలో కాళ్ళకు బరువులు కట్టి ట్రాక్షన్ పెట్టారు. బెల్టు ఇచ్చారు. మూడు వారాల తర్వాత లేస్తే నడుముకన్నా ఎక్కువగా కాళ్ళు వణికాయి. బ్యాంకులో ఆ బెల్టు బిగించుకుని రెండేళ్ళు కౌంటర్లో కూర్చున్నాను. అది లేకపోతే విరిగిపోతానన్నంత భయం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్నవాళ్ళ కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. అందరికీ మామూలుగా వాడొద్దన్న వాటిలో బెల్టులూ ఉన్నాయి, ట్రాక్షనూ ఉంది. పేపర్లో చదివి గట్టిగా నవ్వాను. మీ పెదనాన్న కంగారుపడ్డారు.

ఇక నీ ఎమ్మారై. "ఎల్4-ఎల్5 డిస్కు బల్జ్, డీజెనరేషన్" అని చూసి నీ వెన్ను కుళ్ళిపోయిందన్నట్టు మాట్లాడావు. నడుం ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు కాస్త అరిగి, బయటికి ఉబ్బిందని దాని అర్థం. డీజెనరేషన్ అన్న మాటే అంత. నా తలకు వచ్చిన నెరుపుకు కూడా అదే పేరు పెట్టచ్చు. అసలు నొప్పే లేనివాళ్ళ స్కానులను, మూడు వేల మందికి పైగా, ఒక దగ్గర చేర్చి చూసిన లెక్క 2015లో అచ్చయింది. 30 ఏళ్ళవాళ్ళలో నూటికి 40 మందికి బల్జ్ ఉంది. 80 ఏళ్ళవాళ్ళలో 84 మందికి. నొప్పి మాత్రం ఎవరికీ లేదు. నీకు 34. అంటే మీ ఆఫీసు లిఫ్టులో ఉన్న పదిమందినీ స్కాన్ చేయిస్తే నలుగురు నీలాంటి రిపోర్టే పట్టుకుని దిగుతారు. నీ నొప్పి అబద్ధమని కాదు తల్లీ. ఆ ఫొటో ఒక్కటే చూసి నడుం కోయించుకోవద్దని.

ఆపరేషన్ అంటే నాకు పగేం లేదు. మా పై ఫ్లాటులో ఆవిడకు కాలి నుంచి చెప్పు జారిపోతే తెలిసేది కాదు. మెట్ల మీద చెప్పు వదిలేసి, ఒట్టి కాలితో ఇంట్లోకి వచ్చి, తర్వాత వెతుక్కునేది. మేమంతా మతిమరుపని నవ్వాం. అది పాదం పైకి లేవకపోవడం, నరం నలిగిపోతోందన్న గుర్తు. పట్టుకున్న డాక్టరు రెండో రోజే ఆపరేషన్ చేశాడు. మంచి పని చేశాడు. పంగుని ఉత్సవంలో కపాలీశ్వరుడి తేరు వెంట ఇప్పుడు నాలుగు మాడవీధులూ తిరుగుతోంది.

ఆవిడది కాలు, నీది ఎక్కువగా నడుము. తేడా అక్కడే ఉంది. డిస్కు ముక్క నరాన్ని నొక్కి కాలు భరించలేనంత లాగుతుంటే, ఆరు వారాలు దాటినా తగ్గకపోతే, ఆపరేషన్ త్వరగా ఉపశమనం ఇస్తుంది. అయితే నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో, వెంటనే చేయించుకున్నవాళ్ళూ ఆగి చూసినవాళ్ళూ ఏడాది తిరిగేసరికి దాదాపు ఒకేలా ఉన్నారు. ఆగినవాళ్ళలో కొందరు తర్వాత చేయించుకున్నారనుకో. బయటికి వచ్చిన డిస్కు ముక్కను చాలామందిలో ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది. ఒట్టి నడుం నొప్పికి స్క్రూలు వేసి బిగించడం మాత్రం అంత ఖాయమైన బేరం కాదు. కాబట్టి ఆ డాక్టర్ని సూటిగా అడుగు: ముక్క తీయడమా, స్క్రూలు వేయడమా? ఇది కాలి కోసమా, నడుం కోసమా? చేయించకపోతే ఆరు నెలల్లో ఏమవుతుంది? మూడో ప్రశ్నకు విసుక్కుంటే ఫైలు తీసుకుని వచ్చేయ్. రెండో అభిప్రాయం వేరే హాస్పిటల్లో తీసుకో, మొదటాయన పేరు చెప్పకుండా. నాకు కూడా ఒకాయన "పండగలోపు చేసేద్దాం" అన్నాడు. రెండో ఆయన నా కాళ్ళను సుత్తితో కొట్టి చూసి, మడమల మీద నడిపించి, "ఇంటికెళ్ళి నడవమ్మా" అన్నాడు. ఫీజు ఇద్దరికీ ఒకటే.

మాత్రల సంగతి. నొప్పి బాగా పెరిగిన నాలుగైదు రోజులు డాక్టరు చెప్పిన బిళ్ళ తిన్నాక వేసుకో, తప్పు లేదు. కానీ నువ్వు నెలల తరబడి మెడికల్ షాపువాడిని అడిగి తెచ్చుకుంటున్నావు చూడు, అది మానాలి. కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీలు, అన్నీ లెక్కలోకి వస్తాయి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందుల కిడ్నీలు పోయి జాతికి జాతే తుడిచిపెట్టుకుపోతుంటే, 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు ఆపించింది. మనం రాబందులం కాదులే, ఆ మోతాదు వేరు. అయినా పల్లీలు నమిలినట్టు నమలడానికి లేదని చెప్పడం. వెన్నులో ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్ కాలు లాగేవాళ్ళకు కొన్ని వారాలు తెరిపి ఇవ్వచ్చు. ఆ తెరిపిలో వ్యాయామం మొదలుపెడితేనే దానికి పెట్టిన డబ్బు దక్కుతుంది.

మీ అత్తగారు పుత్తూరు కట్టు వేయించమంటున్నారన్నావు. అక్కడికి వెళ్ళేది ఎముక విరిగినవాళ్ళు. నీకు విరిగిందేదీ లేదు, ఏం కడతారు? ఆవిడతో మాత్రం వాదించకు. "పెద్దమ్మ ఆగమంది" అని నా మీద పెట్టు. నూనె మర్దన హాయిగా ఉంటే చేయించుకో, వేడి కాపడం పెట్టుకో. ఫోన్లో వీడియోలు చూసి ఎవరి చేతనో నడుం పటపటా విరిపించుకోకు. పరుపు మరీ గట్టిదే ఉండాలని కూడా లేదు. చెక్క బల్ల మీద నేను పడ్డ బాధంతా దండగే.

అమృతాంజనం రాసుకుంటే సిగ్గేముంది? నేను రోజూ రాస్తాను. డిస్కు దాకా పోదు, తెలుసు. చర్మం చురచురలాడి ధ్యాస మళ్ళుతుంది, నిద్ర పడుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన సీసా అది. ఆయన పేరు పెట్టిన పార్కు మా ఇంటికి దగ్గర్లోనే లజ్ చర్చి రోడ్డులో ఉంది. నా నడుం బాగుపడింది సీసాతో కాదు, ఆ పార్కుతో.

రెండో డాక్టరు పంపిన ఫిజియోథెరపీ అమ్మాయి మొదట నా బెల్టు విప్పించి బీరువాలో పెట్టమంది. మొదటి వారం వీధి చివర దాకా నడిచి వచ్చాను, ఏడు నిమిషాలు. నొప్పి లేకుండా కాదు. "నొప్పి పదికి మూడు, నాలుగు ఉంటే నడువు. మర్నాటికి కూడా పెరిగే ఉంటే కాస్త తగ్గించు, మానకు" అంది. ఆ ఒక్క మాట నాకు ఇన్నేళ్ళు పనికొచ్చింది. నొప్పి అంటే లోపల ఏదో తెగుతోందని కాదని, అరిచే కుక్కలన్నీ కరవవని నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. నీకింకా త్వరగా అర్థమవుతుంది, చదువుకున్నదానివి. ఆస్ట్రేలియాలో నడుం నొప్పి తగ్గినవాళ్ళకు నడక నేర్పి చూశారు, వారానికి ఐదు రోజులు, మెల్లగా పెంచుకుంటూ అరగంట దాకా. వాళ్ళలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. నడక నేర్పనివాళ్ళలో 112 రోజులే. 2024లో వచ్చిన సంగతి ఇది. చూశావా, నడిచినా మళ్ళీ వస్తుంది. నాకూ ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు పాత చుట్టం వచ్చాడనుకుంటాను. కాఫీ ఇస్తాను, మంచం మాత్రం ఇవ్వను. ఒకటి, మహా అయితే రెండు రోజులు నెమ్మదిగా ఉండి మళ్ళీ పార్కుకు.

ఇంట్లో పనుల్లో నేను మార్చుకున్నవి చిన్నవే. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయట. పొద్దున మనం ఒక సెంటీమీటరు పొడవు కూడా ఎక్కువ ఉంటాం. అందుకని లేచిన వెంటనే వంగి ముగ్గు వేయడం మానేశాను. ధనుర్మాసంలో కూడా ముందు వీధిలో రెండు చుట్లు నడిచి, కాఫీ తాగి, అప్పుడు చిన్న పీట మీద కూర్చుని వేస్తాను. ఎదురింటి ముగ్గు నాకన్నా ముందే పడిపోతుంది, పడనీ. మంచం మీంచి లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి వదిలి, చేత్తో నెట్టుకుని లే. నిండు బకెట్టు ఒకటి బదులు సగం బకెట్లు రెండు. నువ్వు పడుకుని లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని పనిచేస్తావని అల్లుడుగారు చెప్పారు. నేనేం అనను. ఫోన్ కాల్స్ మాత్రం నడుస్తూ మాట్లాడు, మీ మీటింగుల్లో నిన్నెవరూ చూడరటగా.

ఇంకో మాట. మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని తెలిసిన వారమే నీ నొప్పి రెట్టింపయింది. నువ్వు గమనించావో లేదో, నేను గమనించాను. మీ పెదనాన్నకు బైపాస్ అయిన నెల నాకూ అంతే. నిద్ర లేకపోయినా, టెన్షన్ పెరిగినా అదే నొప్పి ఎక్కువ వినిపిస్తుంది, చెవి దగ్గర పెట్టిన రేడియోలాగా. కావాలంటే ఒక కౌన్సెలర్‌తో కూడా మాట్లాడు. పైన చెప్పిన మార్గదర్శకాల్లో అది కూడా ఒక వైద్యంగానే ఉంది. "పైకి బాగానే ఉందిగా" అని మీ ఇంట్లో ఎవరైనా అంటే నాకు ఫోన్ చేయి.

ఈ ఆదివారం పొద్దున ఐదున్నరకు పార్కు గేటు దగ్గర ఉంటాను. షోళింగనల్లూరు నుంచి ఆ వేళకు రోడ్డు ఖాళీగానే ఉంటుంది. బండి మీద వద్దు, స్పీడ్‌బ్రేకర్లు ఎక్కువ, ఆటోలో రా. కాళ్ళకు పట్టి ఉండే చెప్పులు వేసుకో. రెండు చుట్లు చాలు, తర్వాత మా ఇంట్లో ఇడ్లీ. ఇప్పుడు టేబుల్ మీద పెట్టే చిన్న గ్రైండరులే. ఫైలు కూడా తెచ్చుకో, సోమవారం రెండో డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.

నీళ్ళ కేను మాత్రం ఇంకో మూణ్ణెల్లు ముట్టుకోకు. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. అల్లుడుగారు ఊళ్ళో లేనప్పుడు తెచ్చిన అబ్బాయికే పది రూపాయలు ఎక్కువిచ్చి పైన పెట్టించు, లేకపోతే కేనుకు బిగించే పంపు ఒకటి కొను. మా ఇంట్లో రెండోది ఉంది, ఆదివారం ఇస్తాను.

మీ పెద్దమ్మ